కోహ్లీ ఉన్నాడు, తమన్నా ఉంది, కప్పుకి పేరూ ఉంది... మరి సెల్‌కాన్ ఏమైంది?

కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, మన తెలుగోళ్ల ఫోన్ కంపెనీ ఒకటి ఉండేది కదా, దాని గురించి చెప్పు" అని. ఈరోజు అదే. సెల్‌కాన్.

ఇరవై ఏళ్ల లోపు వాళ్లకి ఆ పేరు సరిగ్గా గుర్తుండకపోవచ్చు. ఇంట్లో బీరువా అడుగున, పాత ఛార్జర్ల కవర్లో వెతకండి. బ్యాటరీ ఉబ్బిపోయిన సెట్ ఒకటి దొరికితే, దాని వెనక ఆ పేరు ఉన్నా ఆశ్చర్యపోవద్దు.

2009లో హైదరాబాద్‌లో మొదలైన కంపెనీ ఇది. ఛైర్మన్ వై. గురు. అప్పట్లో నోకియా సెట్ కొనాలంటే జేబు చూసుకోవాల్సిందే. రెండు సిమ్‌లు, పెద్ద స్పీకర్, మెమరీ కార్డు, పాటలు, అన్నీ తక్కువ ధరకి ఇచ్చారు మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, సెల్‌కాన్ లాంటి వాళ్లు. సెట్ డిజైన్ చైనాలో, పేరు మనది. అదేం దొంగ వ్యాపారం కాదు. అప్పట్లో అందరూ చేసిందే. పల్లెల్లో ఎంతోమంది చేతికి మొదటి ఫోన్ వచ్చింది వీళ్ల వల్లే. ఆ మాట ముందే చెప్తున్నా, తర్వాత తిట్టడానికే వీడియో చేశాడని అనకుండా.

ఇప్పుడు 2013 జూలై 11కి రండి.

వెస్టిండీస్‌లో మూడు దేశాల సిరీస్. ఇండియా, శ్రీలంక, వెస్టిండీస్. ఫైనల్ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో. శ్రీలంక 201కి ఆలౌట్. మనోళ్లు ఆ చిన్న స్కోరు కొట్టలేక తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నారు. చివరి ఓవర్లో 15 పరుగులు కావాలి. అవతలి ఎండ్‌లో ఇషాంత్ శర్మ, ఇవతల ధోనీ. బౌలర్ ఎరంగ. మొదటి బంతి ఖాళీ. తర్వాత సిక్స్, ఫోర్, సిక్స్. అయిపోయింది! ఇంకా రెండు బంతులు మిగిలే ఉన్నాయి. ఇక్కడ మనకి అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఆ ఓవర్ క్లిప్ ఇప్పటికీ మీ ఫీడ్‌లో తిరుగుతూనే ఉంటుంది.

ఆ కప్పు పేరేంటో తెలుసా? సెల్‌కాన్ మొబైల్ కప్.

ఇప్పుడు నిజం చెప్పండి, ఎంతమందికి తెలుసు? ధోనీ సిక్సర్ గుర్తుంది, ఎరంగ మొహం గుర్తుంది, కప్పు పేరు గుర్తు లేదు. ఒక్క హైదరాబాద్ కంపెనీ, అంత పెద్ద మ్యాచ్‌కి తన పేరు పెట్టుకుంది. అంతకుముందే విరాట్ కోహ్లీని బ్రాండ్ అంబాసిడర్‌గా తీసుకుంది. అదే సిరీస్‌లో ధోనీకి గాయమైతే మధ్యలో కొన్ని మ్యాచ్‌లకి కెప్టెన్సీ చేసింది కూడా కోహ్లీనే. అంటే కంపెనీ పేరు మీద కప్పు, కంపెనీ అంబాసిడర్ కెప్టెన్. ఏ యాడ్ ఏజెన్సీ వాడైనా కల కనే అదృష్టం ఇది. ఇంకోపక్క తమన్నా. తెలుగు సినిమాల్లో అప్పుడు టాప్‌లో ఉన్న హీరోయిన్.

క్రికెట్ వచ్చింది, సినిమా వచ్చింది. మన జనానికి ఈ రెండూ చాలు అనుకుంటారు ఎవరైనా. నేనూ అదే కంపెనీలో ఉంటే అదే అనేవాడినేమో. కానీ 2018 తర్వాత షాపుల్లో ఆ బ్రాండ్ దాదాపు కనిపించడం మానేసింది.

"క్రికెట్ మీద డబ్బు తగలేశారు, మునిగారు" అని కొంతమంది తేలిగ్గా తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే వీవో ఏం చేసింది? ఐపీఎల్ టైటిల్ కొన్నది. 2018 నుంచి ఐదేళ్లకి 2,199 కోట్లకి ఒప్పందం. ఒప్పో ఏం చేసింది? 2017లో టీమిండియా జెర్సీ మీద పేరు వేయించుకోడానికి 1,079 కోట్ల ఒప్పందం. వాళ్లది కూడా క్రికెట్టే. వాళ్లు కూడా సినిమా వాళ్లనే పెట్టారు. వాళ్లు నిలబడ్డారు. కాబట్టి తేడా టీవీలో లేదు. టీవీ చూసినోడు పొద్దున్నే లేచి షాపుకి పోతాడు కదా, అక్కడ ఉంది.

మన కర్నూలు వాళ్లకి అబ్దుల్లా ఖాన్ ఎస్టేట్ గురించి నేను చెప్పక్కర్లేదు. బయటి ఊరోళ్ల కోసం చెప్తున్నా, మొబైల్ కొనాలన్నా, డిస్‌ప్లే మార్చాలన్నా, కవర్ కావాలన్నా ఇక్కడ జనం అక్కడికే పోతారు. సన్న సందులు, పక్కపక్కనే షాపులు. ఒక షాపులో నచ్చకపోతే మూడడుగులేస్తే ఇంకో షాపు.

ఊహించుకోండి. కోడుమూరు నుంచో, గూడూరు నుంచో ఒక పెద్దాయన వచ్చాడు. పంట డబ్బులు వచ్చాయి. కొడుకు కాలేజీలో చేరాడు, వాడికి ఫోన్ కావాలి. పెద్దాయన కౌంటర్ దగ్గర నిలబడి అడిగేది ఒకటే: "నాయనా, బాగుండే సెట్టు ఒకటి చూపీ." ఆయన కోహ్లీ పేరు చెప్పడు. ర్యామ్ ఎంత అని అడగడు. కౌంటర్ వెనక ఉన్న పిల్లోడు ఏది చేతిలో పెడితే దాన్ని తిప్పి చూస్తాడు, "చెడిపోతే యాడ చేపిచ్చాల?" అంటాడు, రేటు తగ్గించమంటాడు, కొంటాడు.

ఆ పిల్లోడు ఏ ఫోన్ చేతిలో పెడతాడు? వాడికి ఏది ఎక్కువ మిగిలితే అది. ఏది మళ్లీ వాపసు రాదో అది. తర్వాత వారం అదే పెద్దాయన వచ్చి "ఏందబ్బీ ఇట్ల చేస్తివి" అని షాపు ముందు నిలబడకుండా ఉంటే చాలు వాడికి. వీవో, ఒప్పో వచ్చి చేసిన పని ఇదే. షాపు బోర్డు వాళ్లే కట్టించారు, లైట్లు వాళ్లే, ఒక ప్రమోటర్ అబ్బాయిని టీ షర్ట్ వేసి నిలబెట్టి జీతం వాళ్లే ఇచ్చారు. అమ్మితే మార్జిన్, టార్గెట్ దాటితే ఇంకా పైన. పైన ఐపీఎల్, కింద ప్రమోటర్. రెండు చివర్లూ కట్టారు కాబట్టి తాడు తెగలేదు.

సెల్‌కాన్ పై చివర మాత్రం గట్టిగా కట్టింది.

సరే, ఇంకో విషయం. పేర్లు. ఇది నాకు భలే సరదాగా ఉంటుంది, బాధగానూ ఉంటుంది. సెల్‌కాన్ మోడల్స్ కొన్ని చదువుతా వినండి. క్యాంపస్. మిలీనియా. సిగ్నేచర్. డైమండ్. మోనాలిసా. అవునండీ, మోనాలిసా అని ఫోన్ ఉండేది. మళ్లీ ఒక్కో పేరు పక్కన ఏ 35 కే, క్యూ 450, ఏ 119 క్యూ అని బస్సు నంబర్లలాంటివి. మీ స్నేహితుడు ఒకడు సెల్‌కాన్ కొన్నాడనుకో, బాగుందనుకో. "ఏ మోడల్ రా?" అంటే వాడు చెప్పలేడు. బాక్స్ పారేసి ఉంటాడు. నీవు షాపుకి పోయి "మా వాడి ఫోనే కావాలి" అంటే షాపోడికీ అర్థం కాదు.

అదే "రెడ్‌మీ నోట్" అనే మాట చూడండి. నోట్ 3, నోట్ 4, నోట్ 5. మా వీధిలో చదువురాని అవ్వ కూడా "నోటు ఫోను" అంటుంది. పాతదానికంటే కొత్తది ఒక నంబర్ ఎక్కువ, అంతే.

మోడల్స్ ఎక్కువైతే పేరు ఒక్కటే సమస్య కాదు. ఇది మీలో మొబైల్ షాపులో పనిచేసేవాళ్లకి బాగా తెలుసు. ఎస్టేట్‌లో షాపు ముందు కవర్లు దండల్లా వేలాడుతుంటాయి కదా. ఆ షాపోడు ఒక మోడల్‌కి యాభై కవర్లు తెప్పించాలంటే ఆ ఫోన్ ఊర్లో వందల మంది దగ్గర ఉండాలి. నెలకో కొత్త మోడల్ దింపి, పాతది ఆపేసి, మళ్లీ ఇంకోటి దింపితే ఒక్కో మోడల్ ఊర్లో పదిమంది దగ్గర ఉంటుంది. పదిమంది కోసం ఎవడు కవర్లు తెస్తాడు? టెంపర్డ్ గ్లాస్ ఉండదు. డిస్‌ప్లే పగిలితే "స్టాకు ల్యాదన్నా, హైదరాబాదు నుంచి తెప్పియ్యాల" అంటాడు. తెప్పించేది లేదు, వచ్చేది లేదు. కవర్ దొరకని ఫోన్ అంటే ఊర్లో ఎవరూ వాడని ఫోన్ అని అర్థం. కాలేజీ పిల్లోడికి అంతకంటే పెద్ద నెగటివ్ పబ్లిసిటీ ఇంకోటి లేదు. ఇది సెల్‌కాన్ ఒక్కదాని కథ కాదు, అప్పటి మన దేశం బ్రాండ్లు దాదాపు అన్నీ ఇదే రోగంతో పడ్డాయి.

2014లో ఏ 35 కే అని ఒకటి తెచ్చారు. రేటు 2,999 రూపాయలు. దాని ప్రచారం అంతా ఒక్క మాట మీద: కిట్‌క్యాట్. అంటే అప్పటికి లేటెస్ట్ ఆండ్రాయిడ్, మూడు వేల లోపు. వినడానికి అద్భుతం. లోపల ర్యామ్ ఎంత? 256 ఎంబీ. జీబీ కాదు, ఎంబీ. అప్పట్లో కిట్‌క్యాట్‌ని తక్కువ ర్యామ్‌లో నడిచేలా చేశామని గూగుల్ చెప్పినా, దానికి అది పెట్టుకున్న లెక్క 512 ఎంబీ. దాంట్లో సగం ఇది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, నాకు అసలు విషయం ఇదే అనిపిస్తుంది. ఆ 2,999 ఫోన్ ఎవరు కొంటారు? అప్పటిదాకా బటన్ ఫోన్ వాడి, మొదటిసారి టచ్ ఫోన్ ముట్టుకునేవాడు. వాడికి ర్యామ్ అంటే తెలియదు. వాట్సాప్ పెట్టుకుంటాడు, నాలుగు ఫోటోలు తీస్తాడు, రెండు గ్రూపుల్లో చేరతాడు. ఇక ఫోన్ బిగుసుకుపోతుంది. కాల్ వస్తే ఎత్తడానికి రాదు. వాడు అప్పుడు "ర్యామ్ తక్కువ, రేటుకి తగ్గట్టే ఉంది" అనుకోడు. "సెల్‌కాన్ మంచిది కాదు" అనుకుంటాడు. ఊరంతా చెప్తాడు. కోట్లు పెట్టి కట్టిన పేరుని మూడు వేల ఫోన్ ఒక్కొక్క రచ్చకట్ట మీద కూర్చొని కూలగొడుతుంది. మొదటి ఫోన్‌తో మోసపోయానని అనుకున్నోడు రెండో ఫోన్‌కి ఆ బ్రాండ్ వైపు చూడడు. తిరిగి వచ్చి గొడవ పెట్టుకుంటే ఇంకా నయం, సర్దుకోడానికి ఛాన్స్ ఉంటుంది. మనోళ్లు గొడవ పడరు, ఊరికే పోతారు.

అప్పటికే షావోమీ వచ్చేసింది. 2014 జూలైలో ఫ్లిప్‌కార్ట్‌లో. పెద్ద హీరో లేడు, టీవీలో యాడ్ లేదు. ముందు పేరు రిజిస్టర్ చేసుకో, మంగళవారం మధ్యాహ్నం క్లిక్ కొట్టు, దొరికితే దొరికింది. దొరకని వాళ్లే ఎక్కువ, వాళ్లే తిట్టుకుంటూ ఊరంతా ప్రచారం చేశారు.

ఆ తర్వాత జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 2015 జూన్‌లో మేడ్చల్‌లో సెల్‌కాన్ తన ఫ్యాక్టరీ పెట్టింది. అప్పటి తెలంగాణ ఐటీ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. తెలుగు కంపెనీ, తెలుగు గడ్డ మీద ఫోన్ తయారు చేస్తోంది. ఇంతకంటే పెద్ద కథ ఏముంటుంది? రెండు నెలలు తిరగలేదు, ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేసింది. రేటు 6,999. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో తయారైంది. వేదిక మీద ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. "ఆంధ్రాలో తయారైన ఫోన్" అనే మాట జనం నోట్లో ఎవరి పేరుతో పడింది? బీజింగ్ కంపెనీ పేరుతో!

సెల్‌కాన్ అనే పేరు వింటే ఏ ఊరు గుర్తొస్తుంది? కార్బన్, వీడియోకాన్, సెల్‌కాన్... ఒకే చెట్టు కాయల్లా ఉంటాయి. చాలామంది దాన్ని చైనా ఫోనే అనుకున్నారు. చేతిలో ఉన్న ఒకే ఒక ప్రత్యేకత, అంటే మన ఊరి కంపెనీ, మన భాష తెలిసిన కంపెనీ, రిపేర్‌కి మన పక్కనే ఉండే కంపెనీ అన్నది, దాన్ని వదిలేసి దేశమంతా అమ్మే స్టార్ల వెంట పడ్డారని నా అభిప్రాయం. కోహ్లీ ఢిల్లీ వాడికీ కోహ్లీనే, కర్నూలు వాడికీ కోహ్లీనే. వాడిని డబ్బుతో ఎవరైనా కొనగలరు. ప్రతి మండలంలో ఒక సర్వీస్ సెంటర్ పెట్టుకునే అవకాశం మాత్రం షెన్‌జెన్‌లో కూర్చున్నోడికి అంత సులభం కాదు.

మైక్రోమ్యాక్స్ కూడా తక్కువేం చేయలేదు. 2013లో హాలీవుడ్ నుంచి హ్యూ జాక్‌మన్‌ని తెచ్చారు. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ వన్ ఫోన్లని ముందు ఆన్‌లైన్‌లోనే అమ్మి, తర్వాత షాపుల్లో పెట్టమంటే షాపు వాళ్లకి కోపం వచ్చింది. ఆరేళ్లు పోయాక 2020లో 'ఇన్' అనే పేరుతో మళ్లీ వచ్చారు. చైనా మీద కోపం ఉన్న టైమ్ అది. "చీనీ కమ్" అని హిందీలో మాటల గారడీ చేశారు, చక్కెర తగ్గిద్దాం, చైనా తగ్గిద్దాం అని. ఢిల్లీలో అర్థమయ్యుంటుంది. మన రాయలసీమలో చీనీ అంటే ఏంటి? చీనీకాయలు! కడప, అనంతపురం తోటల్లో కాసేవి. చీనీ తగ్గిస్తే మా రైతు ఏం కావాల? ఇది జోక్‌గా చెప్తున్నా గానీ, ఒక భాషలో రాసిన యాడ్ ఇంకో భాషలోకి దిగితే ఏమవుతుందో ఎవరూ చూసుకోలేదనేది నిజం.

మళ్లీ సెల్‌కాన్‌కి వద్దాం. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మాట్లాడాలన్నా 4జీ ఫోనే ఉండాలి. మన బ్రాండ్ల స్టాకు చాలావరకు 3జీ సెట్లే. నవంబర్ 8న నోట్ల రద్దు. ఈ చిన్న ఫోన్ల వ్యాపారం అంతా చేతి డబ్బు మీద నడిచేది. రెండు దెబ్బలు రెండు నెలల్లో. దీనికి మార్కెటింగ్‌ని నిందించలేం.

కానీ దాని తర్వాత ఆఖరి పెద్ద ప్రయత్నం ఉంది చూడండి, దాన్ని మాత్రం లెక్క వేసి చూడాల. 2017 నవంబర్‌లో ఎయిర్‌టెల్‌తో కలిసి సెల్‌కాన్ స్మార్ట్ 4జీ తెచ్చారు. ప్రచారంలో రేటు 1,349 రూపాయలు. పేపర్లలో పెద్ద అక్షరాలు. 1,349కే 4జీ స్మార్ట్‌ఫోన్!

సరే, 1,349 పట్టుకుని షాపుకి పోయావనుకో. షాపోడు 2,849 అడుగుతాడు. ఎందుకంటే ముందు కట్టాల్సింది అదే. మిగతా 1,500 తర్వాత వెనక్కి వస్తుంది. ఎప్పుడు? మొదటి 18 నెలల్లో 3,000 రూపాయల రీఛార్జ్ చేస్తే 500 వస్తుంది. ఆ తర్వాత 18 నెలల్లో ఇంకో 3,000 రీఛార్జ్ చేస్తే 1,000 వస్తుంది. అంటే మూడేళ్లు, ఒకే సిమ్, ఆరువేల రీఛార్జ్. కూడండి. 2,849 ప్లస్ 6,000, 8,849. అందులోంచి 1,500 తీసేస్తే 7,349. రీఛార్జ్ ఎలాగూ చేసుకుంటాం కదా అంటారు, ఒప్పుకుంటా. కానీ 1,349 అనే అంకెకీ, ఇంట్లోంచి బయటికి పోయే డబ్బుకీ సంబంధం ఎంతుందో చూడండి. నాలుగంగుళాల స్క్రీన్, ఒక జీబీ ర్యామ్ ఫోన్ మూడేళ్లు బతకాలి, ఆ 1,000 చేతికి రావాలంటే.

ఇప్పుడు ఆ ఫోన్ ఎవరి కోసం? తక్కువ డబ్బున్న వాళ్ల కోసం. మన జిల్లాలో తక్కువ డబ్బున్న వాళ్లంటే ఎవరు? కోసిగి, పెద్దకడబూరు, ఆలూరు వైపు నుంచి ఏటా సుగ్గికి పోయేవాళ్లు. పంట అయిపోతే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని ఎత్తుకొని గుంటూరు వైపు మిర్చి కోతకి పోతారు. కూలి వచ్చిన వారం రీఛార్జ్, రాని వారం మిస్డ్ కాల్. ఏ ఊర్లో ఏ సిగ్నల్ ఉంటే ఆ సిమ్. వాళ్లకి పోయి "మూడేళ్లు తప్పకుండా మాతోనే రీఛార్జ్ చేయి, వెయ్యి వాపస్ ఇస్తా" అంటే అది ఎవరి జీవితం చూసి రాసిన స్కీము? నెల జీతం వచ్చేవాడి జీవితం చూసి రాసింది. నెల జీతం వచ్చేవాడు ఆ ఫోన్ కొనడు.

మోసం అనను. షరతులన్నీ చెప్పే అమ్మారు. కార్బన్ కూడా ఎయిర్‌టెల్‌తో ఇలాంటి స్కీమే అంతకుముందు నెలలో పెట్టింది, జియో ఫోన్‌ది కూడా 1,500 డిపాజిట్ పద్ధతే. కానీ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది షాపులో పెద్ద అక్షరాలవుతుంది. అప్పుడు కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి మొహం ఎలా మారుతుందో అమ్మే పిల్లోడికే తెలుసు. వాడు ఆ తలనొప్పి ఎందుకు పెట్టుకుంటాడు? పక్కన వీవో ప్రమోటర్ నవ్వుతూ నిలబడి ఉంటే!

అదే 2017లో తిరుపతి దగ్గర రేణిగుంటలో కూడా సెల్‌కాన్ ప్లాంట్ మొదలైంది, చంద్రబాబు వచ్చి ప్రారంభించారు. తమాషా ఏందంటే, తయారు చేయడం అప్పటికి బాగా నేర్చుకున్నారు. బ్రాండ్ పోయింది గానీ పని పోలేదు. తర్వాత వాళ్లు ఎక్కువగా వేరే కంపెనీల కోసం తయారు చేసే వైపు మళ్లారు. ఆ ఏరియాలో అప్పుడు మొదలైన ఎలక్ట్రానిక్స్ ప్లాంట్లలో ఇవాళ మన సీమ అమ్మాయిలు, అబ్బాయిలు ఎంతోమంది లైన్ మీద పనిచేస్తున్నారు. కడప పక్కన కొప్పర్తిలో కూడా అలాంటివే వచ్చాయి. ఐటీఐ, డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నవాళ్లు ఉంటే అటు కూడా ఓ చూపు వేయండి. జీతాలు, హాస్టల్, షిఫ్టులు ఎలా ఉంటాయో అక్కడ పనిచేసే వాళ్లతోనే మాట్లాడించి ఒక ఎపిసోడ్ చేద్దామనుకుంటున్నా.

ఇక మీ పని. ఇంట్లో పాత సెల్‌కాన్ ఉంటే బ్యాటరీ తీసి, కింద స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి కామెంట్‌లో పెట్టండి. అప్పుడు ఎంత పెట్టి కొన్నారో, ఎన్ని రోజులు వాడారో కూడా రాయండి. ఆ స్మార్ట్ 4జీ తీసుకొని, మూడేళ్లు ఆగి, ఆ వెయ్యి రూపాయలు నిజంగా చేతికి తెచ్చుకున్నోళ్లు ఎవరైనా ఉంటే మాత్రం తప్పకుండా రాయండి. మీతో ఫోన్‌లో మాట్లాడతా. ఉంటా మరి.